'హోటల్ కాలిఫోర్నియా' లేని ఈగల్స్ క్యాసెట్: ముప్ఫై ఏళ్ళు విన్నాక

1995లో సికింద్రాబాద్‌లో ఓ క్యాసెట్ల షాపులో 70 రూపాయలు పెట్టి అమెరికన్ రాక్ బ్యాండ్ ఈగల్స్ 'దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్ 1971–1975' కొన్నాను. కొన్నది ఒకే ఒక్క పాట కోసం. మా కాలేజీలో గిటారు పట్టుకున్న ప్రతివాడూ 'హోటల్ కాలిఫోర్నియా' వాయించేవాడు. షాపులో అడిగే తీసుకున్నాను.

"హోటల్ కాలిఫోర్నియా ఉంటదా అన్నా ఇందులో?"

"గ్రేటెస్ట్ హిట్స్ అంటే ఉండదా తమ్మీ? అన్నీ ఉంటయ్, తీస్కపో."

ఇంటికొచ్చి రెండు వైపులా విన్నాను. ఆ పాట రాలేదు. మర్నాడు వెళ్తే, సీలు తీసిన క్యాసెట్ వాపసు తీసుకునేది లేదని పంపించేశాడు. 70 రూపాయలంటే అప్పుడు నాకు పది రోజుల టిఫిన్ డబ్బులు. చాలా రోజులు కోపం పోలేదు.

కోపం షాపాయన మీద ఉండాల్సిందే గానీ రికార్డు మీద కాదని తర్వాత తెలిసింది. ఈ సంకలనం వచ్చింది 1976 ఫిబ్రవరిలో. 'హోటల్ కాలిఫోర్నియా' ఆల్బమ్ వచ్చింది అదే ఏడాది డిసెంబర్‌లో. ఇంకా పుట్టని పాట ఇందులో ఎక్కణ్ణుంచి వస్తుంది! అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ పది పాటల్ని క్యాసెట్‌లో, తర్వాత సీడీలో, ఇప్పుడు ఫోన్లో వింటూనే ఉన్నాను. ఇన్నేళ్ళ వాడకం తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఆ పాట లేకపోవడమే ఈ రికార్డుకి మేలు చేసింది.

ముందు ఎంపిక సంగతి. మొదటి నాలుగు ఆల్బమ్‌ల నుంచి పది పాటలు ఏరారు. 'ఈగల్స్' నుంచి మూడు, 'డెస్పరాడో' నుంచి రెండు, 'ఆన్ ద బోర్డర్' నుంచి రెండు, 'వన్ ఆఫ్ దీజ్ నైట్స్' నుంచి మూడు. పేరు గ్రేటెస్ట్ హిట్స్ కాబట్టి అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టు ముందు పెట్టుకుని పైనుంచి పది గీసేసి ఉంటారని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి లెక్క అలా కుదరదు. 'అవుట్‌లా మ్యాన్' 59వ స్థానం దాకా వెళ్ళింది, దాన్ని వదిలేశారు. 'టకీలా సన్‌రైజ్' 64 దగ్గరే ఆగిపోయింది, దాన్ని పెట్టారు. 'డెస్పరాడో' అసలు సింగిల్‌గానే, అంటే విడి పాటగా, విడుదల కాలేదు. చార్టులో పేరే లేని పాట హిట్ల సంకలనంలో మొదటి వైపు ఆఖర్న కూర్చుంది. దాన్ని తీసేసి 'అవుట్‌లా మ్యాన్' పెడితే లెక్క ప్రకారం అది మరింత నిజాయితీ గల హిట్ల జాబితా అవుతుంది. కానీ అలాంటి రికార్డుని ముప్ఫై ఏళ్ళు ఎవరూ వినరు.

'డెస్పరాడో' ఆల్బమ్ పాతకాలపు అమెరికా దోపిడీ ముఠాల చుట్టూ ఒక కథలా అల్లినది. అందులోంచి రెండు పాటల్ని విడదీసి ఇక్కడ వేయడం బ్యాండ్ డ్రమ్మరూ గాయకుడూ అయిన డాన్ హెన్లీకి నచ్చలేదు. పాట రాసినవాడి బాధ అది, కాదనలేను. ఆ ఆల్బమ్ కూడా నేను పూర్తిగా విన్నాను. అక్కడ 'డెస్పరాడో' పాట ఒక ముఠా మనిషితో మాట్లాడుతుంది. ఇక్కడ 'ఆల్రెడీ గాన్' గిటార్ల హోరు అయిపోయాక ఒక్క పియానోతో మొదలై, వింటున్న మనిషితోనే మాట్లాడుతుంది. పాట మారలేదు, దాని ముందున్న పాట మారింది. సంకలనం చేసేవాళ్ళ చేతిలో ఉన్న పని నిజంగా ఇదొక్కటే.

నేను కూడా ఆ పని చేయబోయాను. క్యాసెట్ కొన్న మరుసటి ఏడాది, పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్లో నింపిచ్చే రికార్డింగ్ షాపు ఒకటి దొరికింది. సిక్స్టీ క్యాసెట్ తీసుకున్నాను, పక్కకి 30 నిమిషాలు. నోటుబుక్కులో నిమిషాలు కూడుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. 'హోటల్ కాలిఫోర్నియా' ఆరున్నర నిమిషాలు, 'లయిన్ ఐస్' ఇంకో ఆరు పైన. ఆ రెండూ ఒకే వైపు పెడితే మిగతా పాటలకి పదిహేడు నిమిషాలే. 'న్యూ కిడ్ ఇన్ టౌన్', 'లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్' పెట్టాలని 'పీస్‌ఫుల్ ఈజీ ఫీలింగ్' కొట్టేశాను. అన్నిటికంటే గొప్ప పాట ముందుండాలని 'హోటల్ కాలిఫోర్నియా'తో మొదలుపెట్టాను.

ఆ క్యాసెట్ నెల తిరక్కుండా వినడం మానేశాను. డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఆ పాట చివర్లో రెండు గిటార్లు కలిపి రెండు నిమిషాల పైన వాయిస్తారు. అది అయ్యాక 'లయిన్ ఐస్' మొదలైతే ఆ మెత్తటి గిటారు వినబడినట్టే ఉండదు. పాట బాగాలేక కాదు, చెవి ఇంకా వెనకాలే ఉండిపోయింది. పెళ్ళి విస్తట్లో ముందే నాలుగు బూరెలు తిన్నవాడికి పప్పు రుచి ఏం తెలుస్తుంది? జో వాల్ష్ 1975 ఆఖర్లో చేరాక ఈగల్స్ శబ్దమే వేరు. ఈ సంకలనం సరిగ్గా ఆ గీత దగ్గర ఆగిపోయింది. అందుకే పది పాటలూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. వాల్ష్‌కి ముందు బ్యాండులో ఉన్న, బ్యాంజో, మాండొలిన్ అలవోకగా వాయించే బెర్నీ లెడన్ పనితనం ఇందులో ఉంది. 'టేక్ ఇట్ ఈజీ' రెండో సగంలో గిటార్ల వెనక పరుగెత్తే బ్యాంజో ఆయనదే. మొదటిసారి వినేవాళ్ళు దాన్ని గమనించరు. ఒకసారి పట్టుకున్నాక మాత్రం చెవి దాన్ని వదలదు.

2003లో 33 పాటలతో రెండు సీడీల సెట్ కూడా వచ్చింది. మా బావ అమెరికా నుంచి తెచ్చాడు. అందులో అన్నీ ఉన్నాయి, 'హోటల్ కాలిఫోర్నియా'తో సహా. ఇంట్లో పెట్టుకోవడానికి మంచిదే. నేను మళ్ళీ మళ్ళీ తీసింది మాత్రం లేదు.

క్యాసెట్ గురించి ఒక మాట. మొదటి వైపు 'డెస్పరాడో' ఆఖరి పియానో ఆగాక ఇంకాస్త ఖాళీ టేపు తిరిగేది, తర్వాత ప్లే మీట టక్కున పైకి లేచేది. లేచి వెళ్ళి, మూత తెరిచి, క్యాసెట్ తిప్పిపెట్టి మళ్ళీ నొక్కాలి. ఆ నిశ్శబ్దం కూడా ఎంపికలో భాగమే. ఇప్పుడు తార్నాకలో మెట్రో ఎక్కి ఫోన్లో పెడతాను. మొత్తం నలభై మూడు నిమిషాలు కాబట్టి దుర్గం చెరువు దగ్గరికొచ్చేసరికి ఆఖరి పాట 'బెస్ట్ ఆఫ్ మై లవ్' నడుస్తుంటుంది. అమీర్‌పేట దాటాక 'డెస్పరాడో' అయిపోతుంది, ఊపిరి తీసుకునేలోపే 'వన్ ఆఫ్ దీజ్ నైట్స్' బేస్ గిటారు మొదలైపోతుంది. నాకు అక్కడ ప్రతిసారీ నొప్పిగా ఉంటుంది. అందుకే అక్కడ పాజ్ నొక్కి ఒక స్టేషన్ దాటనిస్తాను. కొత్తగా వినేవాళ్ళు కూడా ఇది రెండు వైపుల రికార్డు అని గుర్తుపెట్టుకుని వింటే చాలా తేడా తెలుస్తుంది.

రెండో వైపు నాకు ప్రాణం 'టేక్ ఇట్ టు ద లిమిట్'. పాడింది రాండీ మైస్నర్. చివర్లో ఆయన గొంతు పైకి, ఇంకా పైకి వెళ్తుంది. నా క్యాసెట్లో సరిగ్గా అక్కడే టేపు సాగిపోయింది, ఆ తారస్థాయిలో గొంతు సన్నగా వణికేది. సీడీలో, ఫోన్లో ఆ వణుకు లేదు. అయినా నా చెవికి వినబడుతూనే ఉంటుంది. 2023 జూలైలో ఆయన పోయిన వార్త చూసిన రాత్రి పాత టేప్‌రికార్డర్ దింపి, బెల్టు మార్పించి, ఆ క్యాసెట్టే పెట్టుకుని విన్నాను.

2018లో దీనికి అమెరికాలో 38 ప్లాటినం (ఒక్కో ప్లాటినం అంటే పది లక్షల కాపీలు) ఇచ్చి, మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' కంటే పైన నిలబెట్టారు. ఆ అంకె చూసి కొనేవాళ్ళకి నా మాట ఒక్కటే. 'హోటల్ కాలిఫోర్నియా' కోసం అయితే ఇది కొనకండి, ఆ ఆల్బమే కొనుక్కోండి.

మార్చాల్సినవేమీ లేవా అంటే, నాకు రెండు కోరికలుండేవి. 1975 ఆల్బమ్‌లోని 'ఆఫ్టర్ ద థ్రిల్ ఈజ్ గాన్' ఇందులో ఉండాల్సిందని చాలాకాలం అనుకున్నాను. దాన్ని 1982 నాటి రెండో సంపుటిలో వేశారు. ఇక్కడ ఎక్కడ పెట్టి చూసినా పక్కన మరో నెమ్మది పాట ఉండి రెండూ బరువెక్కాయి. అది వదిలేశాను. రెండోది 'విచీ ఉమన్'. పదింటిలో నాకు తక్కువ ఇష్టమైన పాట అదే, ఇప్పటికీ. పోయినేడు మా అమ్మాయి గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టింది. దాని కోసం ఫోన్లో ప్లేలిస్ట్ చేస్తూ ఆ పాట తీసేశాను. రెండు నెలలు తొమ్మిది పాటలే విన్నాం.

ఒకరోజు అది గిటారు ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, ఈ రెండూ ఒకటే పాటా?" అంది. 'టేక్ ఇట్ ఈజీ', దాని వెంటనే 'లయిన్ ఐస్'. రెండూ జీ శ్రుతిలోనే ఉన్నాయి, రెండిటి నడకా ఒకటే, మొదటి కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) దగ్గర దాని వేళ్ళు కదలనే లేదు. మధ్యలో 'విచీ ఉమన్' ఉన్నప్పుడు అదే జీ, దిగులుగా వినిపించే మైనర్‌లోకి దిగి, ఆ డ్రమ్ముల బరువైన నడకతో రెండిటినీ విడదీసేది. అది పోయాక ఆరు నిమిషాల 'లయిన్ ఐస్' పది నిమిషాలయినట్టు అనిపిస్తోందని నాకూ తెలుస్తూనే ఉంది, కారణం మాత్రం దొరకలేదు. ఆ సాయంత్రమే 'విచీ ఉమన్'ని తీసుకొచ్చి మళ్ళీ రెండో స్థానంలో పెట్టాను.