మంకీ మియా డాల్ఫిన్లు: రెండు రోజులైనా ఉండాల్సిన చోటు

పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరం నుంచి మంకీ మియా తీరానికి సుమారు 850 కిలోమీటర్లు. ఒక్క రోజులో వెళ్లిపోదాం అనుకోకండి. పొద్దుగూకితే కంగారూలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. మేం దారిలో జెరాల్డ్‌టన్‌లో ఒక రాత్రి ఆగాం.

బస దగ్గరే పొరపాటు చేశాం. డబ్బు కలిసొస్తుందని 25 కిలోమీటర్ల ఇవతల, డెన్హామ్‌లో గది తీసుకున్నాం. ఏసీ పని చేయలేదు, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. మర్నాడు మంకీ మియా తీరంలోనే ఉన్న రిసార్టుకి మారాం. ఖర్చు ఎక్కువే, కానీ నిద్ర లేచి నాలుగడుగులు వేస్తే సముద్రం.

ఉదయం 7:45కి అందరినీ నీళ్ల అంచున నిలబెడతారు. డాల్ఫిన్లకి చేప అందించడానికి కొద్దిమందినే పిలుస్తారు. ముట్టుకోనివ్వరు. ఇంత దూరం వచ్చి ఇదేమిటని కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అదే నచ్చింది. ఒకప్పుడు ఇక్కడ ఎవరికి తోచినట్టు వాళ్లు చేపలు వేసేవారట. తల్లి డాల్ఫిన్లు ఒడ్డునే ఉండిపోవడంతో వాటి పిల్లలు ఎక్కువగా చనిపోయాయి. అందుకే 1990లలో నియమాలు బిగించారు. ఇప్పుడు కొన్ని పెద్ద ఆడ డాల్ఫిన్లకే, అదీ వాటి ఆకలిలో చిన్న భాగమే పెడతారు. పిల్లలకి అసలు పెట్టరు.

మొదటి విడత అవగానే బస్సుల జనం వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. జెట్టీ మీద కూర్చుంటే, ఒక పిల్ల డాల్ఫిన్ వెల్లకిలా తిరిగి, నీటి పైభాగంలో చిన్న చేపను తరుముతూ కనిపించింది. ఇంకోటి తోక పైకెత్తి, ముక్కుతో సముద్రపు గడ్డిలో వెతుకుతోంది. లోతు నీళ్లలో కొన్ని ఆడ డాల్ఫిన్లు ముక్కుకి స్పాంజి (సముద్రపు అడుగున పెరిగే మెత్తటి జీవి) తొడుక్కుని అడుగున చేపలు వెతుకుతాయి. ఆ విద్య ఎక్కువగా తల్లి నుంచి కూతురికి వస్తుంది. సాయంత్రం పడవ ఎక్కాం గానీ స్పాంజి కనబడలేదు. మూడు మగ డాల్ఫిన్లు మాత్రం పక్కపక్కనే, ఒక్కసారే ఊపిరికి పైకి లేచాయి. ఇక్కడి మగవి జట్టు కట్టి ఏళ్ల తరబడి కలిసి తిరుగుతాయి. పడవ టికెట్టుకి ఆ దృశ్యం చాలు.

సమయం లేనివాళ్లకి పెర్త్‌కి దగ్గర్లో బన్‌బరీ ఉంది. రెండుసార్లు వెళ్తే ఒకసారే కనిపించాయి. ఒక్క రోజే చేతిలో ఉంటే అదీ మంచిదే.

రెండో పొద్దున మా పాప చేప ఇవ్వడానికి చెయ్యెత్తలేదు. జెట్టీ మీద బోర్లా పడుకుని, తల్లి పక్కన పాలు తాగుతున్న పిల్లనే చూస్తూ ఉండిపోయింది.