ఛాతీ పట్టీ హార్ట్ రేట్ మానిటర్: ఆరు నెలల వాడకం తర్వాత

మణికట్టు గడియారం చర్మంపై వెలుగును ప్రసరింపజేసి నాడిని లెక్కిస్తే, ఈ ఛాతీ పట్టీ గుండెలో పుట్టే విద్యుత్ సంకేతాన్నే నేరుగా అందుకుంటుంది. గుండె కుడి పై గది అయిన కుడి కర్ణికలో లయారంభకంగా (పేస్‌మేకర్‌గా) ఉండే సిరాకర్ణికా కణుపు (ఎస్‌ఏ నోడ్), నరాల ప్రమేయం లేకున్నా నిమిషానికి దాదాపు 100 స్పందనలు పుట్టించగలదు; విశ్రాంతిలో, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి దానికి కళ్లెం వేసి 70 దరిదాపులకు దించుతుంది. ఆ కళ్లేన్ని ఈ పట్టీ నా కళ్లకు కట్టింది: కదలకుండా కూర్చొని నిదానంగా ఊపిరి పీల్చినప్పుడు ఆ కళ్లెం వదులై తెరపై అంకె 64 నుంచి 71కి ఎగబాకి, వదులుతున్నప్పుడు మళ్లీ దిగివచ్చింది. నాకది నిజంగా అపురూపమైన దృశ్యం. మెట్లెక్కగానే అంకె పెరగడానికి తొలి కారణం వేగస్ పట్టు సడలడమే. గుండె వేగాన్ని పెంచే సహానుభూత నాడుల ప్రభావం కొన్ని సెకన్ల తర్వాత తోడవుతుంది. ఈ పట్టీ ఈసీజీ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. సంకేతాన్ని అందుకునే దాని ఎలక్ట్రోడ్లను నీటితో తడపకుండా ధరిస్తే, చెమట పట్టేవరకు అంకెలు అర్థం లేకుండా గెంతుతాయి.