బోర్డోలో పీపా వైన్ రుచి చూసి కొనాలా? ఏప్రిల్ యాత్ర లెక్కలు

ఫ్రాన్స్‌లోని బోర్డోలో సెప్టెంబర్‌లో కోసిన ద్రాక్షతో చేసిన వైన్ ఏప్రిల్ నాటికి ఇంకా పీపాలో ముదురుతూనే ఉంటుంది. సీసాలోకి దిగడానికి మరో ఏడాది పైనే పడుతుంది. బేరం మాత్రం అప్పుడే మొదలు. దీన్నే ఆన్ ప్రిమర్ అంటారు: డబ్బు ఇవాళ, సరుకు రెండేళ్ళకు. ఏప్రిల్‌లో ఒక వారం జరిగే రుచి సభలు వ్యాపారులకూ విలేకరులకూ మాత్రమే. సొంతానికి కొనేవారు తాము కొనే వ్యాపారి ద్వారా పిలుపు తెచ్చుకోవాలి, అదీ ఫిబ్రవరిలోనే అడగాలి. పిలుపు లేకుండా ఆ వారం వెళ్తే దండగ. షాటోల్లో, అంటే తోటతో సహా ఉన్న వైన్ ఎస్టేట్లలో, ఎవరికీ తీరిక ఉండదు, హోటల్ గదులు దొరకవు. అలాంటప్పుడు మే నెల నయం.

బస బోర్డో నగరంలోనే పెట్టుకోండి. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి వేగ రైలు టీజీవీలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. విమానంలో దిగితే 2023 నుంచి ట్రామ్ ఎ నేరుగా ఊళ్ళోకి తెస్తుంది. పాత వైన్ వ్యాపారుల పేట షార్త్రోన్‌లో గది దొరికితే పెద్ద సభ జరిగే హాంగర్ 14కి నడిచి పోవచ్చు. సెంట్ జాన్ స్టేషన్ పక్కన ఉంటే పొద్దున్నే రైలు అందుకోవడం తేలిక, కాకపోతే రాత్రి చప్పుడు. నదికి కుడి గట్టున ఉన్న వైన్ ఊరు సెంట్ ఎమిలియాన్‌లో దిగాలని చాలామందికి సరదా. 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరు, అందానికి వంక పెట్టలేం. కానీ గదులు ఖరీదు, పైగా ఎడమ గట్టున ఉన్న మెడోక్ ప్రాంతానికి వెళ్ళాలంటే పొద్దున్నే బోర్డో రింగు రోడ్డు రద్దీలో ఇరుక్కోవాలి. రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు, 40 నిమిషాల లోపే. స్టేషన్ నుంచి ఊరు మాత్రం రెండు కిలోమీటర్ల దాకా ఎత్తెక్కాలి. రాళ్ళు పరిచిన సందులు వాన పడితే జారతాయి.

మెడోక్‌లోని పోయాక్ ఊరికీ రైలుంది, కానీ షాటోలు కిలోమీటర్ల ఎడంలో ఉంటాయి. నలుగురు కలిసి డ్రైవర్‌తో కారు మాట్లాడుకోవడమే లెక్కకు వస్తుంది. ఎంత ఉమ్మేసినా కొంత లోపలికి పోతుంది, ఫ్రాన్స్‌లో డ్రైవింగ్‌కి హద్దు లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా తలుపులు మూసేస్తారు కాబట్టి రోజుకు నాలుగు అపాయింట్‌మెంట్లు మించి పెట్టుకోవద్దు. మెడోక్ నుంచి కుడి గట్టుకి పోవడానికి లమార్క్‌లో కారుతో సహా పడవెక్కి బ్లాయ్‌లో దిగితే బోర్డో చుట్టు తప్పుతుంది. పడవ వేళలు ముందు రోజే చూసుకోవాలి.

వింటేజ్, అంటే ఆ ఏటి పంట, ఎలాంటిదో గాజు గ్లాసు కన్నా ముందు తోట చెబుతుంది. మామిడి రైతు అడిగే ప్రశ్నలే ఇక్కడా. పూత, పిందె త్వరగా, సమంగా పడ్డాయా? పిందె నుంచి కాస్త నీటి ఎద్దడి తగిలిందా? కాయ రంగు తిరిగే వేళకి తీగ సాగడం ఆగిందా? ఆగస్టు, సెప్టెంబర్ పొడిగా గడిచాయా? కోతలో వాన పడిందా? ఎర్ర వైన్‌కి ఈ అయిదింటినీ సూత్రంగా చెప్పినవారు బోర్డో ఆచార్యుడు దనీ ద్యుబూర్దియు. 2013లో పూత మీదే చలి వాన పడింది, చివర్లో కుళ్ళు పట్టింది. 2021లో ఏప్రిల్ మంచు, ఆ పైన బూజు తెగులు. దిగుబడి తప్పకుండా అడగండి. హెక్టారుకు 40 హెక్టోలీటర్లంటే (ఒకటి వంద లీటర్లు) సుమారు 5,300 సీసాలు. 30కి దిగువన ఉంటే ఏదో దెబ్బ తగిలినట్టే, దేనివల్లో అడగాలి.

మొత్తం ప్రాంతానికి ఒకే మార్కు వేసే పట్టికలను నమ్మి కొనేవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. ద్రాక్ష రకాల్లో మెర్లో ముందు పండుతుంది, కాబర్నే సోవిన్యోన్ తర్వాత. కుడి గట్టున మెర్లో ఎక్కువ, మెడోక్‌లో కాబర్నే. 1998లో సెప్టెంబర్ చివరి వానలకు ముందే కుడి గట్టు మెర్లో చాలావరకు ఇల్లు చేరింది, అక్కడ ఆ ఏడాది మహర్దశ. మెడోక్‌కి ఆ అదృష్టం లేదు. 1996లో సరిగ్గా తిరగబడింది. ఎండలు మండిపోయిన 2003లో మెడోక్‌లోని సెంట్ ఎస్తెఫ్ నిలబడిందంటే కింద నీరు పట్టుకునే బంకమట్టి ఉండటం వల్ల. ఈ నేల తేడా కళ్ళారా చూడటానికి, మెడోక్ షాటోల గుండా పోయే డి2 రోడ్డు మీద పోయాక్ దాటాక ఒకసారి కారాపి దిగండి. వాగుకి ఇవతల పోయాక్ షాటో లాఫిట్ గులకరాళ్ళ దిబ్బలు, అవతల సెంట్ ఎస్తెఫ్ షాటో కాస్ దెస్తూర్నెల్. ఆ షాటోకి గోపురాల సొగసు ఊరికే రాలేదు. దాని యజమాని లూయీ గాస్పర్ 19వ శతాబ్దంలో మన దేశానికి వైన్ పంపి అమ్మినవాడు. ఆయన్ని సెంట్ ఎస్తెఫ్ మహారాజా అనేవారు.

ఇక గ్లాసు. పీపా నమూనాని ఎప్పుడు తీశారో మొదట అడగండి. నిన్న తీసి సగం ఖాళీ అయిన సీసాలో పండు వాసన అప్పటికే వాడిపోయి ఉంటుంది, తప్పు వింటేజ్‌ది కాదు. నోట్లో పోసుకుని పది సెకన్లు తిప్పితే వగరు ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి. మంచి ఏడాదిలో బాగా పండిన నేరేడులా నాలుకంతా సమంగా పట్టి, మెల్లగా వదులుతుంది. పండని ఏడాదిలో ద్రాక్ష గింజ కొరికినట్టు చిగుళ్ళ మీదే గరగరలాడుతుంది. పచ్చి క్యాప్సికం వాసన వస్తే కాబర్నే పండలేదు. బెల్లం పాకం వాసన, గొంతులో మంట ఉంటే మరీ పండిపోయింది. 20, 25 నమూనాలయ్యాక నాలుక మొద్దుబారుతుంది. మధ్యలో రొట్టె ముక్క సరే, చీజ్ వద్దు, అది వగరును దాచేస్తుంది. ఒక కిటుకు: పెద్ద షాటో మొదటి వైన్ ఏ ఏడాదైనా బాగానే ఉంటుంది. అదే షాటో రెండో వైన్ (మొదటిదానికి ఒక మెట్టు కిందిది), పక్కనున్న క్రూ బూర్జ్వా అనే మధ్యస్థాయి షాటో వైన్ కూడా బాగుంటేనే అది నిజంగా గొప్ప ఏడాది.

సాయంత్రం గ్రాండ్ థియేటర్ ఎదురుగా ఉన్న వైన్ దుకాణం లాంతాందాన్‌కి వెళ్ళండి. గుండ్రటి మెట్ల చుట్టూ సీసాలే, పైకెక్కే కొద్దీ ధర ఎక్కుతుంది. కొనకపోయినా పర్వాలేదు, అదే షాటో పాత వింటేజ్‌ల ధరలు రాసుకోండి. పీపా వైన్‌కి చెబుతున్న ధర, తాగడానికి సిద్ధంగా ఉన్న పాత మంచి ఏడాది సీసా ధరకి దగ్గరగా ఉంటే ముందే డబ్బు కట్టడం దేనికి? 2010 గొప్ప వింటేజే, కానీ విడుదలలోనే లాఫిట్ కొన్నవారు ఏళ్ళ తరబడి నష్టంలో కూర్చున్నారు. 2019ని కరోనా నడుమ అమ్మాల్సి వచ్చి ధరలు దించారు. పోంతే కానే షాటో ముందు ఏడాది కన్నా దాదాపు 30 శాతం తగ్గించి సీసా 58 యూరోలకే వ్యాపారులకు ఇచ్చింది. లాతూర్ షాటో అయితే 2011 వింటేజ్ తర్వాత ఈ ముందస్తు అమ్మకమే మానేసింది.

డబ్బు కట్టాక అసలు ప్రమాదం వైన్‌లో ఉండదు, మధ్యవర్తిలో ఉంటుంది. ఈ రెండేళ్ళలో వ్యాపారి దివాలా తీస్తే బాకీలు రావలసినవాళ్ళ వరుసలో నిలబడేది మీరే. సరుకు చేరాక బాండెడ్ గోదాములో (సుంకం కట్టకముందు సరుకు ఉంచే చోట) మీ పేరు మీద, కేసు నంబర్లతో, 12 నుంచి 14 డిగ్రీల్లో ఉన్నట్టు కాగితం తీసుకోవాలి. చెక్క కేసు విప్పితే అమ్మకం విలువ పడిపోతుంది. ఇంటికి తెచ్చుకునేది తాగడానికే: మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్లు వదులుతుంది, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే, మూడోది పెడితే 2.25 లీటర్లు. ఆ రెండింటినీ మే నెలలో హైదరాబాద్ అటక మీద పడేస్తే బిరడా పైకి తన్నుకొచ్చి, మూత కింద జిగట కారుతుంది.