ఏడేళ్ల పడవ కాపురం: చెయ్యి దూరే చోటు చూసుకుని కొనండి

మేమిద్దరం తెరచాప పడవలో కాపురం పెట్టి ఏడేళ్లు దాటింది. 36 అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాస్ పడవ, ఒకే మాస్ట్ (చాప కట్టే నిలువు స్తంభం), మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్. మా చేతికి వచ్చేనాటికే దానికి పాతికేళ్ల వయసు. ఈ ఏడేళ్లలో మేము విప్పి బిగించనిది ఏమైనా ఉందా అంటే ఆ ఫైబర్‌గ్లాస్ డొప్ప ఒక్కటే. పడవలో ఉందామనుకునేవాళ్లు కలిసినప్పుడల్లా రిపేర్ల గురించే అడుగుతారు కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. పడవ మంచిది. ఇంకో పదేళ్లయినా ఇందులోనే ఉండాలని ఉంది. కానీ కొనేటప్పుడు మేము చూసినవి పడక వెడల్పు, వంటగది, తెరచాపల కొత్తదనం. ఇంజన్ చుట్టూ, గొట్టాల వెనక, టాంకుల పైన చెయ్యి దూరుతుందా లేదా అని చూడలేదు. ఇవాళ మళ్లీ కొనాల్సి వస్తే మొదట చూసేది అదే.

ఇంట్లో కుళాయి పాడైతే ఎప్పుడో ఒకసారి. ఇక్కడ ఉప్పు, ఎండ, తడి, కుదుపు నాలుగూ రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటాయి. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ నీళ్లలో రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అదే ఒక బ్యాటరీ అయి కూర్చుంటుంది, రెండింట్లో ఒకటి కరిగిపోతుంది. అందుకే పడవని నెట్టే ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసుకి, అంటే షాఫ్ట్‌కి, ఒక జింక్ ముక్క బిగిస్తారు, షాఫ్ట్ బదులు అది కరగాలని. సగం కరిగేసరికి మార్చేయాలి. మొదటి ఏడాది మేము దాన్ని చూసుకోలేదు. నీళ్లలో మునిగి చూస్తే జింక్ పోయి బోల్టు మాత్రం మిగిలింది. అలాగే మాస్ట్ అల్యూమినియం, దానికున్న స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు. ఉప్పుతడికి రెండూ అతుక్కుపోయి, ఒక్క స్క్రూ తీయడానికి ఒక పూట పట్టిన రోజులున్నాయి.

చెయ్యి దూరడం గురించి ఎందుకు అంతగా చెబుతున్నానో ఇంపెల్లర్ కథ వింటే తెలుస్తుంది. ఇంజన్‌ని చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లాగే పంపులో, అరచేతిలో ఇమిడే రబ్బరు చక్రం ఒకటుంటుంది. అదే ఇంపెల్లర్. మాదానికి ఆరు రెక్కలు. లాగిన నీళ్లు చివరికి పొగతో కలిసి వెనక గొట్టంలోంచి బయట పడతాయి. రెండో ఏడాది ఒక సాయంత్రం రేవులోకి వస్తున్నాం. చుక్కాని దగ్గర మా ఆయన, ముందు లంగరు దగ్గర నేను. ఎప్పుడూ వినబడే బుడబుడ చప్పుడు పోయి ఇంజన్ పొడి దగ్గు దగ్గుతున్నట్టు వినిపించింది.

"ఏవండీ, వెనక నీళ్లు పడుతున్నాయా?" అని అరిచాను.

ఆయన వంగి చూశారు. "లేదు, ఆవిరొస్తోంది. ఇంజన్ ఆపేస్తున్నా, నువ్వు ముందు చాప విప్పెయ్."

కాస్త గాలి ఉండబట్టి చాప మీదే పక్కకి జరిగి లంగరు వేశాం. అసలు కష్టం ఆ తర్వాతే. ఆ పంపు ఇంజన్‌కీ బీరువా చెక్కకీ మధ్య బెత్తెడు సందులో ఉంది. కంటికి కనబడదు. మా ఆయన చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది, నాది దూరింది. నుదుటికి లైటు కట్టుకుని పక్కకి పడుకుని, వేలికొసలతో తడుముకుంటూ పంపు మూతకున్న ఆరు చిన్న స్క్రూలూ తీశాను. ఒకటి జారి బిల్జ్‌లో పడింది, అంటే పడవ అట్టడుగున నీళ్లు చేరే పల్లంలో. చక్రం బయటికి తీస్తే రెండు రెక్కలు లేవు. విరిగిన రెక్కలు ఊరికే మాయమైపోవు, నీళ్లతో పాటు కొట్టుకుపోయి, ఇంజన్ వేడిని సముద్రపు నీళ్లు లాక్కునే చోట, అంటే హీట్ ఎక్స్‌చేంజర్ దగ్గర ఇరుక్కుంటాయి. వాటిని తీయకుండా కొత్త చక్రం వేసినా ఇంజన్ మళ్లీ వేడెక్కుతుంది. ఒక ముక్క ఆ రాత్రే గొట్టం మలుపులో దొరికింది. రెండోది మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికించింది. మోచెయ్యి అంతా దోక్కుపోయింది.

ఆ వారంలోనే మా ఆయన బీరువా చెక్కలో జానెడు చదరం కిటికీ కోసి దానికి తీసిపెట్టే తలుపు చేశారు. పంపుకి కూడా స్క్రూ డ్రైవర్ లేకుండా చేత్తో తిప్పే స్క్రూలున్న మూత వేశాం. మర్నాటి దాకా పట్టిన పని పావుగంటకి దిగింది. ఇప్పుడు ఇంపెల్లర్ బాగున్నా సరే ఏటా మార్చేస్తున్నాం. ఆ కిటికీ లేకపోతే ఇంకో నెల చూద్దాంలే అనుకునేవాళ్లమని నాకు బాగా తెలుసు.

టాయిలెట్ గురించి చాలామంది నోరు విప్పరు. సముద్రపు నీళ్లతో ఫ్లష్ చేస్తే, ఆ నీళ్లూ మూత్రమూ కలిసి గొట్టం లోపల సున్నంలా గట్టి పొర కడుతుంది. మూడో ఏట విప్పితే 38 మిల్లీమీటర్ల గొట్టంలో నా బొటనవేలు పట్టేంత సందే మిగిలింది. గట్టు మీదికి మోసుకెళ్లి నేలకేసి బాదితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇప్పుడు వారానికోసారి రాత్రి వెనిగర్ పోసి వదిలేస్తాం. ఫ్లష్ చేసినప్పుడల్లా పంపు ఇంకో పదిసార్లు ఎక్కువే కొడతాం, గొట్టంలో ఏమీ నిలవకుండా.

నా ఓపికని నిజంగా పరీక్షించింది మాత్రం డెక్ లీకేజీ. వాన పడితే చాలు, పడక మీద సరిగ్గా దిండు పక్కన చుక్క పడేది. పైనున్న కిటికీదే తప్పనుకుని దాని సీలెంట్ రెండుసార్లు గీకి మళ్లీ వేశాం. చుక్క ఆగలేదు. ఆఖరికి లోపలి కప్పు పలకలు విప్పేసి, లోపల నేను లైటు పట్టుకుని, పైన ఆయన చెంబుతో ఒక్కోచోటే నీళ్లు పోస్తూ వెతికాం. తీరా చూస్తే నీళ్లు దిగుతున్నది పడకకి రెండు మీటర్ల ముందు, రెయిలింగ్ కమ్మీ పాదం దగ్గర. అక్కడ దిగి, పలక వెనకే ఏటవాలుగా పారి, మా దిండు దగ్గర బయటపడుతోంది. మా డెక్‌లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్క ఉంటుంది. అది అప్పటికే అరచేతి మేర కుళ్లింది. కుళ్లిందంతా గీకేసి, రెండు వారాలు ఆరబెట్టి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు నింపి, అది గట్టిపడ్డాక అందులోంచే కొత్త రంధ్రాలు తొలిచి, నీళ్లు దూరకుండా అతుక్కునే మెత్తటి బ్యూటైల్ టేప్ పెట్టి బిగించాం. ఆ పాదం నాలుగేళ్లుగా పొడిగా ఉంది. తర్వాత మిగిలిన పాదాలన్నీ అలాగే చేశాం, కారినా కారకపోయినా.

కరెంటు విషయంలో ఒక్క మాట. ఇళ్లలో వాడే మామూలు రాగి తీగ పడవలో వాడకండి. పైన తొడుగు బాగానే కనబడుతుంది, ఒలిచి చూస్తే లోపల తీగ నల్లబడి, కొసల్లో ఆకుపచ్చటి చిలుము పట్టి ఉంటుంది. మా దీపాలు మినుకుమినుకుమన్నది దానివల్లే. తగరం పూత ఉన్న తీగ వేశాక ఆ బెడద తగ్గింది.

మాస్ట్‌ని నిలబెట్టే స్టీలు తీగల్ని ఏటా రెండుసార్లు చూస్తాను. ఒక్కో తీగలో 19 పోగులు. మెత్తటి టిష్యూ కాగితంతో తుడుచుకుంటూ వెళితే విరిగిన పోగు ఎక్కడుందో అక్కడ కాగితం చిరిగి పట్టుకుంటుంది. నాలుగో ఏట కింది కొసలో, తీగ బిగింపులోకి దూరేచోట, ఒక పోగు దొరికింది. ఆ ఒక్క తీగే మార్చి ఊరుకోలేదు, అన్నీ ఒకే వయసువి కాబట్టి అన్నీ మార్చాం. మామూలుగా 10 నుంచి 15 ఏళ్లకోసారి మార్చుకుంటారు. నన్ను భయపెట్టింది మాత్రం తీగలు కాదు, అవి తగులుకునే స్టీలు పట్టీలు. అవి డెక్‌లోంచి కిందికి దిగి అల్మారాల వెనక దాక్కుంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకి గాలి తగలకుండా తడి నిలిస్తే లోలోపలే తినేస్తుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. ఒక అల్మారా వెనక చెక్క పూర్తిగా పీకేస్తే గానీ మా ఎడమవైపు పట్టీలో పగులు కనబడలేదు. ఆ పట్టీ మీద భారం పెట్టి ఎన్ని రాత్రులు ప్రయాణం చేశామో తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

ఏడాదికో ఏడాదిన్నరకో పడవని ఒడ్డుకి ఎత్తి, అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకి, కొత్త పూత వేయాలి. రెండు వారాల పని. నిచ్చెన ఎక్కి దిగుతూ అందులోనే వంట, అందులోనే నిద్ర. అలా ఎత్తినప్పుడే నీళ్లు లోపలికి వచ్చే వాల్వులన్నీ చూసుకోవాలి. ఒకటి, మాకంటే ముందున్నవాళ్ల కాలంలో ఎవరో బిగించింది, చూడ్డానికి గులాబి రంగులోకి తిరిగింది. చిన్న సుత్తితో తట్టగానే బిస్కెట్‌లా విరిగింది. కంచు పెట్టాల్సిన చోట ఇత్తడి పెట్టారు. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింక్‌ని లాగేసి గుల్ల చేస్తాయి. అది నీళ్ల మీద ఉండగా విరిగి ఉంటే నిమిషానికి వంద లీటర్ల పైనే లోపలికి వచ్చేది. అప్పటినుంచి ప్రతి వాల్వుకీ ఒక కొయ్య బిరడా తాడుతో కట్టి ఉంచాం.

సమయం లెక్క చెప్పాలంటే వారానికి ఒక పూర్తి రోజు రిపేర్లకే పోతుంది, ఒడ్డుకెత్తే వారాలు కాకుండా. డబ్బు విషయంలో పడవ విలువలో ఏటా పదో వంతు పక్కన పెట్టమంటారు. మాకు కొన్నేళ్లు అంతకన్నా తక్కువే అయింది, మాస్ట్ తీగలు మార్చిన ఏడాది బాగా ఎక్కువైంది. అన్ని పనులూ మనుషుల్ని పెట్టి చేయించుకుందామంటే మాత్రం ఈ బతుకు సాగదు. రిపేరు వచ్చే చోట ఎవరూ ఉండరు, మన చేతులే ఉంటాయి. కొత్తలో నాకు పానా పట్టుకోవడం కూడా రాదు. ఇప్పుడు నిద్రలో బిల్జ్ పంపు మోగితే ఎన్ని క్షణాలు తిరిగిందో లెక్కపెట్టి, మామూలేనా కాదా అని తేల్చుకుని పడుకుంటాను.

కొనబోయేవాళ్లు పడవ చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక లైటు పట్టుకెళ్లండి. నేల పలకలన్నీ ఎత్తించండి. ఇంజన్‌కి నాలుగువైపులా, ప్రతి వాల్వు మీదా, ప్రతి పట్టీ వెనకా మీ చెయ్యే పెట్టి చూడండి. చెయ్యి పట్టని చోట్లు ఎన్నో రాసుకుని, ఆ లెక్కతో ధర మాట్లాడండి.

మా పడవలో అలాంటి చోటు ఇంకా ఒకటి మిగిలింది. డీజిల్ టాంకు. పడవ కట్టేటప్పుడు డెక్ మూయకముందే లోపల దించేశారు, ఇప్పుడు బయటికి రాదు. పైన చెయ్యి పెట్టే మూత కూడా లేదు. అడుగున చేరిన నీళ్ల మీద సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. సముద్రం కుదిపినప్పుడల్లా ఆ జిగురు లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది. పోయిన ప్రయాణంలో ఒకే రాత్రి మూడు ఫిల్టర్లు మార్చాం. ఈసారి ఒడ్డుకెత్తినప్పుడు టాంకు పైన నేల కోసి, రేకులో నా భుజం దాకా దూరేంత మూత పెట్టాలని కొలతలు తీసుకున్నాం. పలక మీద పెన్సిల్ గీత గీసి ఉంచారు మా ఆయన.