రాగితోపాటు ఇనుమునూ చూసే వైండింగ్ దుకాణం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఈ దుకాణానికి మా రైసు మిల్లులోని 10 హార్స్‌పవర్ మోటారును తీసుకువెళ్లింది అది కాలిపోయినందుకు కాదు, లోడు లేకుండా తిప్పినా అరగంటకే బాడీ మీద చెయ్యి ఆనించలేనంతగా వేడెక్కుతున్నందుకు. రెండేళ్ల కిందట వేరొక చోట దానికి వైండింగ్ మార్పించాం. పాత తీగ సులువుగా ఊడిరావాలని అక్కడ స్టేటర్‌ను (మోటారులో తిరగకుండా ఉండే భాగాన్ని) మంటలో కాల్చి, స్లాట్లను, అంటే తీగ కూర్చునే గాడులను, ఆకురాయితో రుద్దారు. అప్పుడు నాకందులో తప్పేమీ కనబడలేదు.

స్టేటర్ కోర్, అంటే తీగ చుట్టే ఇనుప భాగం, ఒకే దిమ్మ కాదు. సుమారు 0.5 మిల్లీమీటర్ల మందం ఉండే సిలికాన్ ఉక్కు రేకులకు, అంటే మెకానిక్కులు స్టాంపింగులనే వాటికి, ఒకదాని నుంచి మరొకదానికి కరెంటు పారకుండా పూత పూసి పేరుస్తారు. అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడు ఇనుములోనే పుట్టే ఎడ్డీ కరెంట్లను ఏ రేకుకా రేకుగా విడగొట్టి అణచి ఉంచేది ఆ పూతే. ఆ కరెంట్ల వల్ల కొంత విద్యుత్తు వేడిగా మారి నష్టమవుతుంది; రేకు మందం సగమైతే ఆ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. మంట పూతను తినేసి, ఆకురాయి అంచులను కలిపేస్తే రేకులు మళ్లీ దిమ్మ అయిపోతాయి.

ఇక్కడి మేస్త్రి పాత తీగను ఓవెన్‌లో 350 డిగ్రీలు దాటనివ్వకుండా వేడిచేసి తీశారు. తరువాత ఖాళీ కోర్ లోపలి నుంచి బయటికి కేబుల్ చుట్లు వేసి కరెంటు ఇచ్చి, ఇరవై నిమిషాలకు సరఫరా ఆపి, నన్నే తడిమి చూడమన్నారు. అంతటా గోరువెచ్చగా ఉన్న కోర్, స్లాట్ల మధ్య నిలిచి ఉండే పళ్లలో మూడింటి దగ్గర మాత్రం చురుక్కుమంది. అక్కడ అతుక్కున్న అంచులను విడదీసి, సందుల్లో వార్నిష్ పట్టించి, మళ్లీ పరీక్షించాకే కొత్త తీగ చుట్టారు.

లోడు లేనప్పటి ఆంపియర్లలో పెద్ద తేడా లేదు. కానీ వాట్లు 610 నుంచి 390కి దిగాయి. కోర్ నష్టం లోడుతో నిమిత్తం లేకుండా ఉండేది కనుక, రోజుకు పది గంటలు తిరిగే మా మోటారుకు ఇది సుమారు 2.2 యూనిట్ల ఆదా. అయితే సెకనుకు 50 సార్లు అయస్కాంతత్వం అటూఇటూ తిరగడంలో పోయే హిస్టిరిసిస్ నష్టం ఉక్కు రకాన్ని బట్టి ఉంటుంది, దానిని ఏ వైండరూ మార్చలేడు. ఆ మాట మేస్త్రి ముందే చెప్పడం నాకు నచ్చింది.

కూలి ఎక్కువే, నాలుగు రోజులు పట్టింది. రీడింగులు కాగితం మీద రాసివ్వలేదు. టెర్మినల్ బాక్సు మూత లోపల నేనే పెన్సిలుతో రాసుకున్నాను.