కొనడానికి రాజమండ్రి, తినడానికి కాకినాడ, చీరకు మాత్రం ఉప్పాడ

శ్రావణంలో మా చెల్లెలి కూతురి పెళ్లి. కొనుగోళ్లకు హైదరాబాద్ వెళ్దామని పెళ్లికూతురు, అంత దూరం దేనికని వాళ్ల నాన్న. మూడు రోజులు నాకు వదిలేయండి, రాజమండ్రి, కాకినాడ తిప్పి తీసుకొస్తాను, అక్కడ దొరకనివి మిగిలితే అప్పుడు హైదరాబాద్ రైలెక్కండి అని నేను మధ్యలో దూరాను. ఆషాఢం చివరి వారంలో చెల్లెలు, అమ్మాయి, నేను అమలాపురంలో బస్సెక్కాం.

రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి గౌతమి ఎర్రగా పారుతోంది. ఎర్రనీరు దిగిందంటే పులస చేప వచ్చినట్టే. నా చూపు చూసి, "పెద్దమ్మా, మనం వెళ్తున్నది పుస్తె కొనడానికి" అంది అమ్మాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నది మా గోదావరి మాట. పుస్తె కొని కూడా తినవచ్చని నేను అన్నాను.

రాజమండ్రిలో ముందు వెళ్లవలసింది మెయిన్ రోడ్డు అద్దాల దుకాణాలకు కాదు, తాడితోట బట్టల మార్కెట్‌కు. పెళ్లిలో డబ్బు తెలియకుండా కరిగిపోయేది పెట్టుబడి బట్టల దగ్గరే, అంటే బంధువులకు పెట్టే బట్టల దగ్గర. మాకు అరవై జాకెట్టు ముక్కలు, పాతిక పంచెల చాపులు, నలభై చీరలు కావాలి. ఇక్కడ వరుసలకు వరుసలు బట్టల కొట్లే. కొన్నింటిలో విడిగా ఒక్క చీర అడిగితే ఇవ్వరు, కట్టగానే తీసుకోవాలి. అదే మనకు లాభం. కట్టలో రంగులు వేరుగా ఉంటాయి, ధర ఒకటే ఉంటుంది, బంధువుల మధ్య ఎక్కువ తక్కువల మాట రాదు. అయితే జాకెట్టు ముక్క కొనేటప్పుడు విప్పి కొలవండి. మీటరు అని చెప్పిన కట్టలో ఎనభై సెంటీమీటర్ల ముక్కలు మాకు కనిపించాయి. అడిగితే కొట్టతను మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. అడగకపోతే ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఉదయం పదిన్నరకు వెళ్లి రెండింటికి బయటపడ్డాం, మూటలన్నీ అక్కడే కట్టించి బస్సు పార్సిల్‌లో వేశాం. కాకినాడకు కాలవ గట్టు రోడ్డున వెళ్లేవారికి దారిలో ద్వారపూడిలోనూ ఇలాంటి మార్కెట్ ఉంది. తాడితోటలో పని అయిపోయింది కాబట్టి మేము ఆగలేదు.

బంగారం మెయిన్ రోడ్డులో చూశాం. మూడు దుకాణాల్లో ఆ రోజు గ్రాము ధర ఒకటే. తేడా అంతా తరుగు, మజూరీలలో ఉంది. ముందు నగ చూసి ముచ్చటపడి తరువాత తరుగు అడిగితే బేరం పోయినట్టే. లోపలికి వెళ్లగానే తరుగు ఎంత శాతమో అడగాలి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్యను ఫోనులో భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. మా అమ్మాయి ప్రతి నగకూ చూసింది, ఎవరూ విసుక్కోలేదు. పుట్టింటి పుస్తె అక్కడే తీసుకున్నాం.

తరువాత కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్. చిన్న కొట్టు, నిలబడే తాగాలి. ఎండలో నాలుగు గంటలు తిరిగిన గొంతుకు అంతకంటే ఏమి కావాలి!

రాజమండ్రిలో నా అసంతృప్తి రాత్రి భోజనంతో మొదలైంది. నది కనిపించే చోట కూర్చుందామని ఒక పెద్ద ఏసీ రెస్టారెంటుకు వెళ్లాం. పులస అని వడ్డించినది సముద్రపు విలస, అంటే ఏటిలోకి ఎక్కకముందే పట్టిన అదే చేప. ఏటికి ఎదురీదిన చేపకు వచ్చే కొవ్వు, ఆ రుచి నాలుకకు తెలియవా? పైగా బిల్లులో సర్వీస్ ఛార్జీ వేశారు. దాన్ని బలవంతంగా బిల్లులో కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. మేనేజరుతో అదే చెబితే తీసివేశాడు. చేపకు మాత్రం డబ్బు కట్టే వచ్చాం. బస చేసిన లాడ్జి శుభ్రంగానే ఉంది. రైలు మార్గం పక్కన కావడంతో నిద్ర అంతంత మాత్రం. నిద్ర ముఖ్యమనుకునేవారు రైలు మార్గానికి కాస్త ఎడంగా గది తీసుకోవాలి.

మర్నాడు మధ్యాహ్నానికి కాకినాడ. సుబ్బయ్య గారి హోటల్‌లో గంటకు పైగా వరుసలో ఉన్నాం, అయినా నాకు విసుగు రాలేదు. ఆకు వేసింది మొదలు పెరుగు దాకా వడ్డించేవాళ్లు పక్కనుంచి కదలరు. వద్దన్నా ఇంకో ముద్దకు పొడి, నెయ్యి పడతాయి. ముందు రోజు మేము కట్టిన బిల్లులో చిన్న భాగానికే ముగ్గురం కడుపునిండా తిన్నాం. ఊరెళ్లేవారికి తాటాకు బుట్టలో భోజనం కట్టి ఇస్తారు. గొట్టం కాజా తిరుగు ప్రయాణం రోజునే కొనాలి. కొరకగానే పాకం నోట్లోకి రావాలి, అది తాజా కాజా. తాపేశ్వరం మడత కాజా మంచిదా ఇది మంచిదా అని మా ఇంట్లో ఏళ్లుగా వాదన. నేను మడత కాజా పక్షం. సారెకు పూతరేకులు మాత్రం ఆత్రేయపురంలోనే ముందుగా చెప్పి చేయించుకోవాలి. 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక ఆ పేరు పెట్టి అమ్మే డబ్బాలు ప్రతి బస్టాండులో కనిపిస్తున్నాయి.

మూడో రోజు ఉప్పాడ. సముద్రం పోటు మీద ఉంది, బీచ్ రోడ్డు బాగాలేదన్నారు. పిఠాపురం మీదుగా వెళ్లాం. ఒక నేత ఇంట్లో మగ్గానికి ఇద్దరు కూర్చుని జమ్దానీ చీర నేస్తున్నారు. పడుగు కింద కాగితం మీద గీసిన పువ్వు, దాన్ని చూస్తూ ఒక్కో పోగును వేళ్లతో పేకలో చేర్చడం. బుటాలు నిండుగా ఉన్న చీరకు నెల పైన పడుతుందట. ఆ ఇంటావిడ చీర తిరగేసి చూపించారు: వెనక కూడా అదే పువ్వు, వేలాడే దారం లేదు. "కొట్టులో కొనేటప్పుడు ముందు వెనక చూడమ్మా" అన్నారు. రాజమండ్రిలో ఉప్పాడ అని మాకు చూపించిన చీరల వెనక కత్తిరించిన దారాలు ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. తలంబ్రాల చీర అక్కడే కుదిరింది. నేను బేరం ఆడబోతే అమ్మాయే నా చేయి పట్టుకుని ఆపింది. దుకాణం ధర కంటే తక్కువే అయింది, కానీ చౌక అని మాత్రం అనను. ఆ వేళ్ల పని చూశాక చౌకగా రావాలని కోరుకోలేను.

తిరుగు దారి యానాం మీదుగా, బాలయోగి వారధి దాటి. యానాం మార్కెట్లో వలలోంచి వచ్చిన పులస ఒకటి కొన్నాను. ధర మా చెల్లెలికి ఇంతవరకూ చెప్పలేదు. ఇంట్లో మట్టి దాకలో బెండకాయలు, వెన్న వేసి సన్నని సెగ మీద పులుసు పెట్టి రాత్రంతా అలాగే ఉంచాం. పొద్దున్నే చద్దన్నంలో ఆ పులుసు కలుపుకుంటూ అమ్మాయి జాబితా ముందు పెట్టుకుంది. కొట్టివేయనిది ఒక్కటే మిగిలింది, రిసెప్షన్ లెహంగా. రాజమండ్రిలో నాలుగు అంతస్తులు ఎక్కి దిగినా నచ్చినది దొరకలేదు, ఆ విషయంలో ఓడిపోయానని ఒప్పుకున్నాను. దానికి హైదరాబాద్ వెళ్తారు, తల్లీకూతుళ్లిద్దరే, ఒక్క రోజుకు.