యూనివర్సిటీ సిబ్బందికి కంప్యూటర్లు: కొనడమా, అద్దెకు తేవడమా, పాతవాటినే నెట్టుకురావడమా?

మార్చి నెలాఖరుకు గ్రాంటు మురిగిపోతుందన్న కంగారులో ఒకేసారి రెండొందల డెస్క్‌టాప్‌లు ఆర్డరు పెట్టిన యూనివర్సిటీకి అసలు కష్టం ఆ రోజు తెలియదు. అవన్నీ ఒకే రోజు వారంటీలోకి వస్తాయి, ఒకే రోజు వారంటీ దాటుతాయి. ఆ ఏడాది మళ్లీ అంత డబ్బు ఒక్కసారిగా దొరకదు. ఇక ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) పోయిన మెషీన్‌లోంచి ర్యామ్ తీసి పక్కదాంట్లో పెట్టడం, పక్కదాని హార్డ్‌డిస్క్ తీసి ఇంకోదాంట్లో పెట్టడం మొదలవుతుంది. అందుకని ఏది మేలు అని తేల్చేముందు ధరల పట్టిక కాదు, ఉన్న మెషీన్ల వారంటీ ఏ నెలలో ముగుస్తుందో చూపే పట్టిక తీయాలి. అది లేకపోతే కింద చెప్పే ఏ దారైనా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కొనడం

హైదరాబాద్‌లోని హెచ్‌సీయూ, మనూ, ఇఫ్లూ లాంటి కేంద్ర యూనివర్సిటీలు ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక జెమ్ పోర్టల్‌లోనే కొనాలి. నేరుగా ఎంతవరకు కొనొచ్చు, ఎంత దాటితే బిడ్ (పోటీ ధరల పిలుపు) పెట్టాలి అన్న పరిమితులు ఇప్పటికే చాలాసార్లు మారాయి. పాత ఫైలు చూసి నోట్ రాస్తే ఆడిట్‌లో దొరికిపోతారు.

జెమ్‌లో ధర తగ్గేది బిడ్‌లోనే, మెషీన్ చెడేది కూడా అక్కడే. ‘ఐ5, 8 జీబీ, 512 జీబీ’ అని మాత్రమే రాస్తే మూడు తరాల కిందటి ప్రాసెసర్ రావచ్చు. 8 జీబీ ర్యామ్ రెండు 4 జీబీ ముక్కలుగా వచ్చి, ఉన్న రెండు స్లాట్లూ నిండిపోవచ్చు. బిడ్‌లో రాయాల్సినవి ఇవి: ప్రాసెసర్ తరం, ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండి ఇంకో స్లాటు ఖాళీగా ఉండటం, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డిస్కు), విండోస్ ప్రో (ఆఫీసు మెషీన్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే డొమైన్‌లో హోమ్ ఎడిషన్ చేరదు), ఐదేళ్ల ఆన్‌సైట్ వారంటీ. పాడైన డిస్కు కంపెనీకి వెనక్కి ఇవ్వకుండా మన దగ్గరే ఉంచుకునే షరతు కూడా పెట్టాలి. ఎగ్జామినేషన్ బ్రాంచి డిస్కు సర్వీస్ ఇంజనీరు సంచిలో వెళ్లిపోవడం ఎవరికీ మంచిది కాదు.

సరుకు దిగిన రోజు చేయాల్సిన పని ఒకటుంది. పెట్టె మీది సీరియల్ నంబరు తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, వారంటీ ఏ తేదీన మొదలైందో చూడాలి. డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో నాలుగు నెలలు పడి ఉన్న మెషీన్‌కు వారంటీ అక్కడే మొదలైపోయి ఉండొచ్చు. ఐదేళ్లు అని రాసుకున్నది వెబ్‌సైట్‌లో మూడేళ్లుగా కనిపించడమూ ఉంది, ఎందుకంటే అదనపు రెండేళ్ల ప్యాక్‌ను అమ్మినవాడు రిజిస్టర్ చేయాలి. పోర్టల్‌లో అంగీకార పత్రం ఇవ్వకముందే సరిచేయించుకోవాలి. బిల్లు వెళ్లిపోయాక ఆ ఫోను ఎవరూ ఎత్తరు.

అద్దెకు తేవడం

హైటెక్ సిటీ కంపెనీలు లాప్‌టాప్‌లు లీజుకు తీసుకుంటున్నాయి కదా, యూనివర్సిటీకి ఎందుకు కుదరదు అని ఫైనాన్స్ కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. కంపెనీకి అద్దె ఖర్చు కింద పన్ను తగ్గుతుంది, అద్దె మీద కట్టిన 18 శాతం జీఎస్టీ కూడా ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) తిరిగొస్తుంది. యూనివర్సిటీ అందించే చదువుకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆ క్రెడిట్ రాదు. ఆదాయపు పన్ను లేని సంస్థకు అద్దె చూపించి తగ్గించుకునే పన్నూ లేదు. కంపెనీకి లీజును లాభం చేసే రెండు కారణాలూ ఇక్కడ లేవు.

లెక్క కోసం ఇలా అనుకుందాం. పన్నుతో కలిపి మానిటర్, ఐదేళ్ల వారంటీతో డెస్క్‌టాప్ 60 వేలు. యూపీఎస్, మధ్యలో దాని బ్యాటరీ మార్పులకు ఇంకో 5 వేలు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి 13 వేలు. అదే డెస్క్‌టాప్‌ను మూడేళ్ల లీజుకు నెలకు 1,600 చొప్పున ఇస్తామంటే, జీఎస్టీతో 1,888 అవుతుంది, ఏడాదికి 22,656. మూడేళ్లయ్యాక చేతిలో మెషీన్ ఉండదు.

ఇంత తేడా ఉన్నా లీజు వైపు ఒక మాట చెప్పాలి. కేంద్ర గ్రాంటులో కొనుగోలు 35వ పద్దు (ఆస్తుల కల్పన) కిందికి వస్తుంది, అద్దె 31వ పద్దు (జనరల్) కిందికి వస్తుంది. 35లో డబ్బు రాని ఏడాది 31లోంచి నెలనెలా అద్దె కట్టుకోవచ్చు. రెండేళ్ల ప్రాజెక్టు స్టాఫ్‌కూ, నాలుగు నెలల అడ్మిషన్ల సెల్‌కూ అద్దె బాగుంటుంది. అంతకు మించి వద్దు. లీజు ముగిసిన నెలలో తిరిగివ్వడం ఆలస్యమైతే అద్దె నడుస్తూనే ఉంటుంది, కనిపించని ప్రతి అడాప్టర్‌కూ బిల్లు వేస్తారు. మూడేళ్లలో సగం మంది సీట్లు మారి ఉంటారు, ఏ మెషీన్ ఎక్కడుందో వెతకడమే ఒక నెల పని.

పాతవాటినే నెట్టుకురావడం

నిజంగా డబ్బు మిగిలేది ఇక్కడే, కాకపోతే మెషీన్‌ను బట్టి. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ పైన, టీపీఎం 2.0 (భద్రతా చిప్), యూఈఎఫ్ఐ సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ మొదలయ్యే ఏర్పాటు) కావాలి. అందుకని పాత మెషీన్లను మూడు కుప్పలు చేయాలి.

ఒకటో కుప్ప 8వ తరం, ఆ తర్వాతివి. వీటిలో హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 16 జీబీ చేస్తే ఆఫీసు పనికి ఇంకో మూడేళ్లు ఢోకా లేదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో విడిభాగాలు ఒక పూటలో దొరుకుతాయి, కానీ ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి ఎగబాకాయి కాబట్టి కొటేషన్ ఆ వారానిదే తీసుకోవాలి. కొనేముందు ఒక మెషీన్ మూత తీసి చూడండి. ఎం.2 స్లాటు (ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) ఉంటుంది గానీ, ఎస్‌ఎస్‌డీ చివరను బిగించే గోరంత స్క్రూ చాలావాటిలో ఉండదు. ఇరవై మెషీన్లు విప్పి కూర్చున్నాక ఆ సంగతి తెలిస్తే ఆ రోజు పని ఆగినట్టే.

‘టీపీఎం లేదు’ అని విండోస్ చెబితే వెంటనే నమ్మొద్దు. ఇంటెల్ మెషీన్‌లో అది బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) పీటీటీ పేరుతో, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో ఆపేసి ఉండొచ్చు. ఇంకో చిక్కు, డిస్కును విభజించే పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఫార్మాట్ చేసిన డిస్కు. దాన్ని కొత్త పద్ధతి జీపీటీగా మార్చకుండా బయోస్‌లో యూఈఎఫ్ఐకి (కొత్త బూట్ పద్ధతికి) తిప్పితే మెషీన్ బూట్ అవ్వదు. విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో ముందు డిస్కు మార్చి, ఆ తర్వాతే బయోస్‌లో చెయ్యి పెట్టాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి.

రెండో కుప్ప 6, 7 తరాలవి. హార్డ్‌వేర్ గట్టిదే, విండోస్ 11 మాత్రం అధికారికంగా ఎక్కదు. విద్యాసంస్థలకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన విండోస్ 10 పొడిగింపు అప్‌డేట్‌ల ధర మెషీన్‌కు తొలి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. ఈ సంగతి చాలా ఆఫీసులు పట్టించుకోలేదు. 2028 అక్టోబర్ దాకా ఈ కుప్పను నడపడానికి ఇంతకన్నా చవక దారి లేదు.

మూడో కుప్ప పాత రకమైన డీడీఆర్3 ర్యామ్ ఉన్నవి. వాటి మీద పైసా పెట్టొద్దు. వేసిన ర్యామ్ రేపు కొత్త మెషీన్‌లోకి కూడా పనికిరాదు.

డెస్క్‌టాపా, లాప్‌టాపా

ఆఫీసు సెక్షన్లకు డెస్క్‌టాప్, క్లాసుకూ సెమినార్‌కూ తిరిగే అధ్యాపకులకు లాప్‌టాప్. దీని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. ఆల్ ఇన్ వన్ జోలికి పోవద్దు, తెర పోతే మెషీన్ మొత్తం పోయినట్టే.

డెస్క్‌టాప్‌తో వచ్చే దాచిన ఖర్చు యూపీఎస్. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ హైదరాబాద్ ఎండల్లో రెండు, మూడేళ్లకు డీలా పడుతుంది. అప్పుడు కరెంటు పోయిన క్షణంలోనే మెషీన్ ఆరిపోతుంది, నింద మాత్రం మెషీన్ మీద పడుతుంది. లేజర్ ప్రింటర్‌ను అదే యూపీఎస్‌కు గుచ్చితే ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ అది కీచుమంటుంది. పొడిని కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటు దాని తాహతుకు మించినది. ప్రింటర్ గోడ సాకెట్‌కే ఉండాలి.

లాప్‌టాప్‌కు యూపీఎస్ అక్కర్లేదు గానీ, మూడేళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి ఏడాదే ఇవ్వడం మామూలు. ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించి ఉంచితే మూడో ఏటికల్లా బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. టచ్‌ప్యాడ్ ఒక మూల పైకి లేచి నొక్కు పడకపోతే అది టచ్‌ప్యాడ్ జబ్బు కాదు, కింద బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ రోజే వాడకం ఆపాలి. బ్యాటరీ వారంటీ కూడా మూడేళ్లు అని బిడ్‌లో రాయించుకోవడం కొత్త బ్యాటరీ కొనడం కన్నా చవక.

తేల్చి చెప్పాలంటే

సిబ్బంది సీట్లు 500 ఉన్న యూనివర్సిటీకి ఏటా వంద డెస్క్‌టాప్‌లు ఐదేళ్ల వారంటీతో కొనడమే మేలు. వాటితోపాటు ఐదు స్పేర్‌గా స్టోర్‌లో ఉండాలి. మొదటి కొన్నేళ్లు ఒకటి, రెండు కుప్పలను ఎస్‌ఎస్‌డీతో నెట్టుకొస్తూ ఈ వరుసలోకి రావచ్చు. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం జీతాలు, పింఛన్లకే పోయే రాష్ట్ర యూనివర్సిటీకైతే రెండో కుప్పే 2028 అక్టోబర్ దాకా ఆధారం.

ఒక్క అలవాటు మానుకోవాలి. కొత్తది ప్రొఫెసర్ గారికి, ఆయన పాతది సూపరింటెండెంట్‌కు, ఆయనది జూనియర్ అసిస్టెంట్‌కు. ఒక్క మెషీన్ కొంటే మూడు చోట్ల డేటా మార్చాలి, ఎక్కువ టైపు చేసే మనిషికి అన్నిటికన్నా నెమ్మది మెషీన్ దక్కుతుంది. కొత్తది పని ఎక్కువున్న సీటుకే నేరుగా వెళ్లాలి.

మార్చే రోజు

పరీక్షలు, అడ్మిషన్లు లేని వారం చూసుకోవాలి, దసరా సెలవుల ముందు వారం అనువు. డెస్క్‌టాప్ మీది ఫైళ్లు, డీ డ్రైవ్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే. ఔట్‌లుక్ మెయిళ్లుండే పీఎస్టీ ఫైలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, డీఎస్సీ (డిజిటల్ సంతకం) టోకెన్ డ్రైవర్. ట్యాలీ ఉంటే పాత మెషీన్‌లో లైసెన్స్ సరెండర్ చేశాకే కొత్తదాంట్లో వేయాలి. తెలుగు సర్క్యులర్లు అను ఫాంట్లలో టైపు చేసిన సెక్షన్‌లో ఆ ఫాంట్లు వేయకుండా వదిలేస్తే, పదేళ్ల ఫైళ్లన్నీ ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగా తెరుచుకుంటాయి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్న సీటుకు కొత్త మెషీన్ ఇచ్చేముందు వెనకవైపు చూడండి, దానికి కావాల్సిన పెద్ద ప్యారలల్ పోర్టు కొత్తవాటిలో ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ అన్నింటితోనూ పనిచేయదు, ఒకటి తెచ్చి అదే ప్రింటర్‌తో పరీక్షించాకే మిగతావి కొనాలి. ఇంతా చేశాక పాత మెషీన్‌ను అలాగే సీలు వేసి నెల రోజులు ఉంచాలి. ‘సార్, ఫలానా ఫోల్డర్ లేదు’ అనే ఫోను మూడో వారంలో వస్తుంది.

నెల దాటాక డేటా తుడవాలి. హార్డ్‌డిస్క్‌కైతే పూర్తిగా ఒకసారి ఓవర్‌రైట్ చేస్తే చాలు, ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి నమ్మకం కాదు, బయోస్‌లోనో తయారీ కంపెనీ టూల్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏడాదిలో వెయ్యికి తగ్గకుండా ఎలక్ట్రానిక్ పరికరాలు వాడే సంస్థ బల్క్ కన్స్యూమర్ (పెద్ద వినియోగదారు). మానిటర్లు, ప్రింటర్లు, ల్యాబ్‌లు కలిపితే యూనివర్సిటీ ఆ గీత సులువుగా దాటుతుంది. అలాంటప్పుడు వేలం పాడిన పాత సామాన్ల వ్యాపారికి ఇవ్వడం కుదరదు, రిజిస్టరైన రీసైక్లర్‌కో రీఫర్బిషర్‌కో (బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవారికో) ఇవ్వాలి. వాడకానికి పనికిరావని తేల్చే కండెమ్నేషన్ కమిటీ సంతకాలయ్యాయని స్టాక్ రిజిస్టర్‌లో సీరియల్ నంబరు కొట్టేయకండి, రీసైక్లర్ ఇచ్చిన రసీదులో అదే నంబరు కనిపించాకే కొట్టేయండి.